ఎర్ర త్రికోణం దగ్గర ఇద్దరు

అక్క: తమ్ముడూ, షామీర్‌పేటలో నేను ఆన్‌లైన్ సెంటర్ పెట్టి పన్నెండేళ్లు దాటింది. 'మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు' అంటూ ఎర్ర త్రికోణంతో వచ్చే పేజీని వందలసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ దాని వెనక ఏముందో వెతికాను. గడియారం తప్పిన కంప్యూటర్ దొరికింది. గడువు దాటినా సర్టిఫికెట్ మార్చని ఆఫీసు దొరికింది. లాగిన్ కోసం ఎదురుచూస్తున్న వైఫై దొరికింది. దొంగ మాత్రం ఒక్కసారీ దొరకలేదు. రోజూ 'నాన్నా పులి' అని అరుస్తుంటే ఊళ్లో ఎవరు పని మానుకుని పరిగెత్తుకొస్తారు? అందుకే అంటున్నా. కారణం తెలుసుకుని, తూకం వేసుకున్నవాళ్లు ఆ పేజీని దాటొచ్చు.

తమ్ముడు: దొంగ దొరకలేదన్నారు కదక్కా, ఈ దొంగ దొరికే రకం కాదు. ఆ పేజీ దాటాక మీకు అసలు సైటే కనిపిస్తుంది. పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఓటీపీ పంపుతుంది, రసీదు కూడా ఇస్తుంది. మధ్యలో కూర్చున్నవాడు ఇటు మాట అటు, అటు మాట ఇటు అందిస్తూ చదువుకుంటాడు. పని ఎక్కడా ఆగదు. కాబట్టి 'నాకు ఇన్నేళ్లలో ఏమీ కాలేదు' అనేది రుజువు కిందికి రాదు. అయినా, అయ్యిందో లేదో మీకెలా తెలుస్తుంది? ఆ ఆధార్ నంబరు మీది కాదు, ఆ పాస్‌వర్డ్ మీది కాదు. నష్టం జరిగితే ఆర్నెల్ల తర్వాత ఇంకెక్కడో, ఇంకెవరికో జరుగుతుంది. నా నియమం ఒక్కటే. పాస్‌వర్డ్, ఓటీపీ, ఆధార్, పైసలు, ఈ నాలుగింటిలో ఏది పెట్టాల్సి వచ్చినా ఆ పేజీ దాటొద్దు. సరిచేయగలిగితే సరిచేద్దాం. లేకపోతే ఆగుదాం.

అక్క: సరిచేసే దగ్గర మనకు పేచీ లేదు. చాన్నాళ్ల కిందట ఒక ఎండాకాలం మా రెండో నంబరు కంప్యూటర్‌లో పొద్దున్నే ఏ సైటూ తెరుచుకోలేదు. అన్నింటికీ అదే ఎర్ర పేజీ. డిగ్రీ అప్లికేషన్ కోసం వచ్చిన పిల్లవాడు తన ఈమెయిల్ హ్యాక్ అయిందనుకుని వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు. నేను స్క్రీన్ కింద కుడి మూలన చూశాను. జనవరి 1 అని ఉంది, అది కూడా ఏళ్ల కిందటి సంవత్సరం. కేబినెట్ పక్క రేకు విప్పితే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. పక్కన ఉన్న చిన్న క్లిప్పును స్క్రూడ్రైవర్ మొనతో నెడితే సెల్ పైకి లేచింది. కొత్తది పెట్టి, తేదీ సరిచేసి, ఇంటర్నెట్ టైమ్‌తో సింక్ చేశాను. అన్నీ తెరుచుకున్నాయి.

సర్టిఫికెట్ మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని ఉంటుంది. ఈ కంప్యూటర్ లెక్కలో ఆ మొదటి రోజే ఇంకా రాలేదు, అంతే సంగతి. మరి ఆ పేజీ పిల్లవాడికి ఏం చెప్పింది? 'దాడి చేసేవారు మీ సమాచారాన్ని దొంగిలించే ప్రయత్నంలో ఉండొచ్చు' అంది. సెల్ అయిపోయిన సంగతి దొంగతనంలా వినిపిస్తే ఆ పిల్లవాడు రేపు ఏ హెచ్చరికను నమ్మాలి?

తమ్ముడు: ఆ ఫిర్యాదు న్యాయమైనది. బ్రౌజర్ చేసేవాళ్లే ఒప్పుకున్నారు. 2017లో గూగుల్ పరిశోధకులు క్రోమ్ నుంచి వచ్చిన 30 కోట్లకు పైగా ఎర్రర్ రిపోర్టులు ముందేసుకుని చూశారు. సగానికి పైగా తప్పులు వాడేవారి యంత్రంలోనో, వాళ్ల నెట్‌వర్క్‌లోనో తేలాయి, సైట్లలో కాదు. అందుకే ఇప్పుడు తేదీ తప్పిందని క్రోమ్ పసిగడితే ఎర్ర పేజీ బదులు 'మీ గడియారం వెనకబడింది' అని విడిగా చెబుతుంది. వైఫై లాగిన్ అడుగుతుంటే అదీ విడిగా చెబుతుంది. పులి కాని చోట పులి అనడం తగ్గించుకుంటూ వస్తున్నారు. అంటే మిగిలిన ఎర్ర పేజీల విలువ పెరుగుతోందనేగా? మీ పాత అనుభవంతో కొత్త పేజీని కొలవకండి.

అక్క: కొలవను. అందుకే నా పద్ధతి చెప్తా విను, తప్పుంటే దిద్దు. ముందు ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న కోడ్ చదువుతా. 'డేట్ ఇన్‌వాలిడ్' అంటే గడియారమో, గడువో. 'కామన్ నేమ్ ఇన్‌వాలిడ్' అంటే సర్టిఫికెట్ ఒక పేరు మీద, సైటు ఇంకో పేరు మీద ఉన్నట్టు. ముందున్న మూడు డబ్ల్యూలు తీసేసి కొడితే చాలాసార్లు అదే తెరుచుకుంటుంది. 'అథారిటీ ఇన్‌వాలిడ్' అంటే సంతకం పెట్టింది ఎవరో బ్రౌజర్‌కు తెలియదు. తర్వాత అదే సైటును మూడు చోట్ల చూస్తా. ఇదే కంప్యూటర్‌లో, పక్క కంప్యూటర్‌లో, వైఫై తీసేసి మొబైల్ డేటా మీద నా ఫోన్‌లో. ఒక్క యంత్రంలోనే తప్పు వస్తే గడియారమో, యాంటీవైరస్సో. రెండు కంప్యూటర్లలో వచ్చి ఫోన్‌లో రాకపోతే మా నెట్ లైన్‌లో ఏదో ఉంది. అన్ని చోట్లా వస్తే తప్పు సైటుది. చివరగా సర్టిఫికెట్ తెరిచి ఎవరి పేరు మీద ఉంది, ఎవరిచ్చారు, ఎప్పటిదాకా అని మూడు వరసలు చూస్తా. ఇంత చూశాక కూడా నాకు నిర్ణయించే హక్కు లేదంటావా?

తమ్ముడు: దిద్దడానికి ఏమీ లేదక్కా. మా కాలేజీలో నెట్‌వర్క్ చూసే పనికి కొత్తగా చేరేవాళ్లకు నేను నేర్పేది ఇంతకంటే ఎక్కువేమీ లేదు. ఒక్కటి చేర్చుకోండి. ఒక బ్రౌజర్‌లో తెరుచుకుని ఇంకోదాంట్లో తెరుచుకోకపోతే చాలాసార్లు సైటువాళ్లు సంతకాల గొలుసులో మధ్య కాగితం పెట్టడం మరిచిపోయి ఉంటారు. జిరాక్స్ మీద గెజిటెడ్ సంతకం ఉంది, ఆ ఆఫీసర్ని ఎవరు నియమించారో చూపే కాగితం జతచేయలేదు, అలాంటిది. కొన్ని బ్రౌజర్లు ఆ కాగితాన్ని తామే వెతికి తెచ్చుకుంటాయి, కొన్ని తెచ్చుకోవు.

కానీ మీ పద్ధతి తప్పు ఎక్కడుందో చెప్తుంది. మధ్యలో ఎవరూ లేరని మాత్రం చెప్పలేదు. ఫోన్‌లో బాగుండి మీ వైఫై మీద మాత్రమే 'అథారిటీ ఇన్‌వాలిడ్' వచ్చిందనుకోండి. పాడైన రౌటరా, ఎవరో మార్చేసిన రౌటరా? స్క్రీన్ మీద రెండూ ఒకేలా ఉంటాయి.

అక్క: ఆ సందర్భంలో నేనే దాటను. షట్టర్ సగం దించి రౌటర్ రీసెట్ చేయించిన రోజులున్నాయి. మాటకు మాట కాబట్టి అడుగుతున్నా, ఏమనుకోకు. మీ హాస్టల్ పిల్లలు సెలవుల్లో నా దగ్గరికి వస్తారు. కాలేజీ వైఫైలో చేరితే ఒక సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకోమంటారట, లేకపోతే అన్ని సైట్లకూ ఎర్ర పేజీ వస్తుందట. అంటే మధ్యలో కూర్చుని చదవగలిగేవాళ్లు మీరేగా? మీరు కూర్చుంటే భద్రత, నేను దాటితే ప్రమాదమా?

తమ్ముడు: మీరన్నది నిజం. మా కాలేజీ ఫైర్‌వాల్ చూసేవాళ్లలో నేనొకణ్ని. వైరస్‌లు, దొంగ సైట్లు ఆపాలంటే లోపల ఏం పోతోందో చూడాలి. చూడాలంటే పిల్లల ఫోన్లలో మా మూల సర్టిఫికెట్ ఉండాలి. బ్యాంకులు, ఆసుపత్రుల సైట్లను చూడకుండా వదిలేసేలా సెట్ చేశాం. అయినా ఆ సెట్టింగ్ మార్చగలిగేది మేమే కాబట్టి, మా మాట మీద నమ్మకం తప్ప వాళ్లకు వేరే దిక్కు లేదు. 2019లో కజకిస్థాన్ ప్రభుత్వం ప్రజలందరినీ ఇలాగే ఒక జాతీయ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకోమంది. గూగుల్, మొజిల్లా, ఆపిల్ మూడూ దాన్ని బ్రౌజర్లలోనే చెల్లకుండా చేశాయి. దేశం చేస్తే తప్పైంది, కాలేజీ చేస్తే ఒప్పెలా అవుతుందని ఒక విద్యార్థి అడిగాడు. పూర్తి జవాబు నా దగ్గర లేకపోయింది. చెప్పి చేస్తున్నాం, కాలేజీ దాటితే తీసేయొచ్చు అన్నాను. అది సగం జవాబేనని తెలుసు.

అక్క: ఒప్పుకున్నావు, సంతోషం. ఇంకొకటి విను. డిజిటల్ సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ టోకెన్ ఉంటుంది కదా, దాని సాఫ్ట్‌వేర్ వేశాక సూచనల కాగితంలో ఏముంటుంది? 127.0.0.1 అని కొట్టండి, ఎర్ర పేజీ వస్తుంది, 'అడ్వాన్స్‌డ్' నొక్కండి, కింద 'ప్రొసీడ్' నొక్కండి. బొమ్మలు వేసి, బాణం గుర్తులు పెట్టి మరీ నేర్పారు. మా సెంటర్లో పనిచేసే అమ్మాయికి ఆ బటన్ ఎక్కడుంటుందో మొదట తెలిసింది ఆ కాగితంలోనే. ఒక చేత్తో దాటమని నేర్పి, ఇంకో చేత్తో దాటొద్దంటే ఎలా?

తమ్ముడు: ఆ చిరునామా మీ కంప్యూటర్‌దే. ఆ మాట బయటి లైన్ ఎక్కదు, కాబట్టి అక్కడ దాటితే నష్టం లేదు. కానీ మీరు పట్టుకున్నది అసలు జబ్బు. వేలికి అలవాటు పడిందంటే చిరునామా ఏదని కన్ను చూడదు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో క్రోమ్ సర్టిఫికెట్ హెచ్చరికల్లో 70.2 శాతాన్ని జనం నొక్కి దాటేశారని తేలింది. అప్పటి ఫైర్‌ఫాక్స్‌లో 33 శాతం. దాటడం అక్కడ కాస్త కష్టంగా పెట్టారు. మనుషులు వాళ్లే అక్కా, తలుపు గడియ తేడా. నేను గట్టి గడియ కోరేది అందుకే.

అక్క: గడియ ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పు మరి. ఏ సంతకం చెల్లుతుందో నిర్ణయించే జాబితా బ్రౌజర్‌లోనో, విండోస్ లాంటి సిస్టమ్‌లోనో ఉంటుంది. గూగుల్, ఆపిల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా, ఆ నాలుగూ ఎవరిని నమ్మితే మనం వాళ్లను నమ్మాలి. ఆ నమ్మకం తప్పిన రోజు ఎర్ర పేజీ వచ్చిందా? 2014లో మన దేశంలోనే జరిగింది. సర్టిఫికెట్లిచ్చే సంస్థల మీద అధికారి సీసీఏ. ఆ సీసీఏ గొడుగు కింద, ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ నుంచే గూగుల్ పేర్ల మీద, యాహూ పేరు మీద తప్పుడు సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. సీసీఏ మూల సంతకం మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంది కాబట్టి విండోస్‌కు అవి చెల్లే కాగితాలే. కంచే చేను మేసింది, కాపలా కుక్క మొరగలేదు. నా డెస్కు మీద సెల్ అయిపోతే మాత్రం మొరుగుతుంది.

తమ్ముడు: ఆ సంగతిని చివరిదాకా చూద్దాం. 2014 జులై 2న గూగుల్ ఆ సర్టిఫికెట్లను గమనించింది. తప్పుడువి నాలుగేనని సీసీఏ చెప్పింది. ఆ నాలుగింటిలో లేనివి కూడా తమకు తెలుసని గూగుల్ బయటపెట్టింది. ఆ తర్వాత సీసీఏ కింద వచ్చే సర్టిఫికెట్లు గవ్ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్ లాంటి ఏడు డొమైన్లకు మించి చెల్లకుండా క్రోమ్ కట్టడి చేసింది. ఫైర్‌ఫాక్స్ జాబితాలో సీసీఏ మొదటినుంచీ లేదు. అంటే ఒక జాబితా తప్పితే ఇంకో జాబితా నిలబడింది. ప్రభుత్వ ముద్ర ఉంది కదా అని ఎవరూ కళ్లు మూసుకోలేదు.

2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంస్థ నుంచి గూగుల్ పేరు మీద దొంగ సర్టిఫికెట్ పుట్టింది. దాంతో ఇరాన్‌లో జీమెయిల్‌కూ, దాన్ని వాడేవాళ్లకూ మధ్యలోకి ఎవరో దూరారు. దాదాపు 3 లక్షల ఐపీ చిరునామాలు దాని బారిన పడ్డాయని విచారణలో తేలింది. అది ఎలా బయటపడింది? ఇరాన్‌లో ఒక వినియోగదారుకు క్రోమ్ హెచ్చరిక చూపింది. ఆ మనిషి ఆగి, ఇదేమిటని పదిమందిలో అడిగాడు. నెల తిరక్కుండా డిజినోటార్ దివాలా తీసింది. మీరు వందలసార్లలో ఒక్కసారీ దొంగ దొరకలేదంటున్నారు. అక్కడ లక్షలమందిలో ఒక్కడు ఆగినందుకు దొరికాడు.

అక్క: ఆ ఒక్కడికి దండం పెడతాను. అతనికి ఆగే తీరిక ఉంది, ఎక్కడ అడగాలో తెలుసు. నా గిరాకీల సంగతి వేరు. ఈ చుట్టుపక్కల జీనోమ్ వ్యాలీ ఉంది, నల్సార్ ఉంది, బిట్స్ క్యాంపస్ ఉంది. వాళ్లెవరూ నా దగ్గరికి రారు. వచ్చేది తుర్కపల్లి కంపెనీల్లో కాంట్రాక్టు పనివాళ్లు, ఇటుకబట్టీల వాళ్ల పిల్లలు, పింఛను కోసం తిరిగే ముసలమ్మలు. వాళ్ల చేతిలో ఉండేవి పాత ఫోన్లు.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే సంస్థ ఉంది, నీకు తెలియనిది కాదు. అది ఊతంగా పెట్టుకున్న పాత మూల సర్టిఫికెట్ 2021 సెప్టెంబరు 30తో ముగిసింది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లను ఒక ప్రత్యేక ఏర్పాటుతో ఇంకో మూడేళ్లు లాక్కొచ్చారు. 2024 సెప్టెంబరు 30తో అదీ ముగిసింది. 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్ ఉన్నవాళ్లకు అప్పటిదాకా తెరుచుకున్న సైట్లు ఎర్రబడ్డాయి. వాళ్ల తప్పేమిటి? 'ఫోన్ మార్చుకో' అనేది భద్రతా సలహా ఎలా అవుతుంది? ఆ పైసలుంటే నా బెంచీ మీద ఎందుకు కూర్చుంటారు?

తమ్ముడు: అక్కడ నా దగ్గర బలమైన వాదన లేదక్కా. సొంత జాబితా మోసుకొచ్చే ఫైర్‌ఫాక్స్ వేసుకోమని చెప్పేవాణ్ని, దాని కొత్త వెర్షన్లు ఇప్పుడు ఆ పాత ఫోన్లకు ఎక్కవు. భద్రత ఖర్చు ఎక్కువగా పడేది చేతిలో తక్కువ ఉన్నవాళ్ల మీదే, ఒప్పుకుంటున్నా. కానీ మోసం ఖర్చు కూడా వాళ్ల మీదే పడుతుంది కదా. బిట్స్‌లో చదివే పిల్లవాడి ఖాతాలో పదివేలు పోతే ఇంటి నుంచి మళ్లీ వస్తాయి. పింఛను పోయిన ముసలమ్మకు ఎక్కణ్నుంచి వస్తాయి?

2020 అక్టోబరు 29న భూమి రికార్డుల వెబ్‌సైట్ ధరణిని ప్రారంభించింది మన మూడుచింతలపల్లిలోనే. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పేరు మారినా, భూమి కాగితం వెబ్‌సైట్ మీదికి ఎక్కిన సంగతి మారలేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన గుంట భూమి ఉన్నవాడి బతుకంతా ఒక ఫోన్ నంబరు, ఒక ఓటీపీ మీద నిలబడింది. ఆ మనిషి తరఫున మీరు దాటుతున్నారు. ప్రమాదం అతనిది, నిర్ణయం మీది. మీ తెలివి మీద నాకు అనుమానం లేదు. ఆ తెలివికి అతని అనుమతి ఉందా అన్నదే నా ప్రశ్న.

ఇంకో సంగతి. మీరు ఒకసారి 'ప్రొసీడ్' నొక్కితే క్రోమ్ ఆ నిర్ణయాన్ని కొన్నాళ్లు గుర్తుపెట్టుకుంటుంది. ఆ కుర్చీలో తర్వాత కూర్చున్న మనిషికి, అదే సర్టిఫికెట్‌కు ఆ పేజీ కనిపించనే కనిపించదు. మీరు ఒకరి కోసం తీసిన గడియ అందరికీ తీసే ఉంటుంది.

అక్క: అది నాకు తెలియక మొదట్లో తప్పు చేశాను. తెలిశాక ఇన్‌కాగ్నిటో కిటికీలోనే దాటుతున్నా. మూసేస్తే ఆ నిర్ణయమూ పోతుంది. అనుమతి అన్నావు. నేను చెప్పకుండా చేయను. 'ఈ సైటు కాగితం గడువు దాటింది, దాటితే ప్రమాదం ఉండొచ్చు, ఏమంటావు?' అని అడుగుతా. ప్రతివాళ్లూ ఒకటే అంటారు, 'నీకు తెలుసు కదక్కా, నువ్వే చూడు' అని. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదని బాధపడేదాన్ని.

తమ్ముడు: మీకే కాదు, గూగుల్‌కూ చేతకాలేదు. వాళ్లు ఆ పేజీని మాటమాటా మార్చి రాశారు. జనానికి అర్థమయ్యేలా చెప్పాలనే లక్ష్యంలో ఓడిపోయామని 2015లో వాళ్లే రాసుకున్నారు. అయితే రంగు, బటన్ మార్చి దాటే దారిని కాస్త లోపల దాచేసరికి, ఆగేవాళ్లు దాదాపు 30 శాతం పెరిగారు.

అక్క: అంటే అర్థం కాకపోయినా ఆపారు.

తమ్ముడు: ఆపారు. హైవే మీద డివైడర్ ఎందుకు కట్టారో అర్థం చేసుకునే అందరూ ఆగుతున్నారా?

అక్క: డివైడర్ కట్టినవాడు మధ్యలో యూటర్న్ కూడా ఇస్తాడు తమ్ముడూ. ఇవ్వకపోతే అవతలి ఊరివాళ్లు చస్తారు. ఇంకో మాట. మీరు నేర్పిన తాళం గుర్తు సంగతేమిటి? 'తాళం ఉంటే మంచి సైటు' అని పదేళ్లు చెప్పారు. ఇవాళ దొంగ లోన్ సైటుకూ సర్టిఫికెట్ ఉంటుంది, ఎర్ర పేజీ రాదు. ఎర్ర పేజీ వచ్చేది మన ఆఫీసులకే, ఎందుకంటే అక్కడ చూసేవాడు ఉండడు. ఆదాయం సర్టిఫికెట్ పాతబడితే చెల్లదంటారు, దాంతో ఆ మనిషి బీదతనం పోతుందా? నిన్నటిదాకా చెల్లిన సైటు రాత్రికి రాత్రి దొంగదైపోతుందా?

తమ్ముడు: తాళం విషయంలో మేం సగమే చెప్పాం, అది మా తప్పు. మీరు మాట్లాడుతున్నది ఫలానా పేరుతోనే అని మాత్రం సర్టిఫికెట్ చెబుతుంది. ఆ పేరుగలవాడు మంచివాడని చెప్పదు. జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మ తీసేసింది. పేరు చూడ్డం నేర్పాలని ఇప్పుడు బ్యాంకులన్నింటినీ బ్యాంక్ డాట్ ఇన్ కిందికి తెచ్చారు. రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ పేర్లు నమోదు చేసేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. పేరు చూడ్డం నేర్చుకున్నాక, ఆ పేరు నిజమని తేల్చేది సర్టిఫికెట్టే. ఒకటి లేకుండా ఇంకోటి నిలబడదు.

గడువు సంగతి. నిన్నటి సర్టిఫికెట్ ఇవాళ కూడా మాటను గుప్తంగానే దాస్తుంది, అది ఒప్పుకుంటా. కానీ తాళంచెవి దొంగల చేతిలో పడ్డ సర్టిఫికెట్లను రద్దు జాబితాలో పెడతారు. గడువు తీరాక దాన్ని ఆ జాబితాలోంచి తీసేయొచ్చు, ఎలాగూ చెల్లదు కాబట్టి. అంటే గడువు దాటిన కాగితం చెడిందో లేదో చెప్పే బాధ్యత ఆ రోజు నుంచి ఎవరికీ ఉండదు. మీరు దాటితే ఎవరూ కాపలా లేని చోటికి దాటినట్టు.

అక్క: మరి ఆ గడువులు ఇంకా తగ్గిస్తున్నారట?

తమ్ముడు: అవును. 2020 నుంచి 398 రోజులు. 2026 మార్చి 15 నుంచి 200, మరుసటి ఏడు 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. చేత్తో మార్చే పని ఎవరివల్లా కాదు కాబట్టి సర్వర్లే తమంతట తాము మార్చుకునే ఏర్పాటు పెట్టుకోక తప్పదు. మరిచిపోయే మనిషే మధ్యలో ఉండడు. మీ ఎర్ర పేజీల్లో సగం అక్కడే పోతాయి.

అక్క: పెట్టుకున్న చోట పోతాయి. పెట్టుకోని చోట ఏడాదికోసారి వచ్చేది నలభై ఏడు రోజులకోసారి వస్తుంది. ఆ రెండో రకం చోట్లే నా గిరాకీలకు పని. అందుకే ఒక రోజు సంగతి చెప్తా, నీ నియమం దానికి ఏమంటుందో చెప్పు.

ఆదివారం. ఒక ప్రవేశ దరఖాస్తుకు ఆఖరి రోజు, రాత్రి పన్నెండుతో సైటు మూస్తారు. అలియాబాద్ నుంచి ఒక అమ్మాయి తల్లితో వచ్చింది. తల్లి కూలి పైసలు అందేసరికి ఆఖరి రోజైంది. సైటు తెరిస్తే ఎర్ర పేజీ. గడియారం చూశా, సరిగ్గా ఉంది. పక్క కంప్యూటర్, ఫోన్, రెండింట్లోనూ అదే. సర్టిఫికెట్ తెరిచా. పేరు సరైనదే, ఇచ్చినవాడు ఎప్పుడూ ఇచ్చేవాడే. గడువు ఆ ఉదయం 5 గంటల 29 నిమిషాలకు తీరింది. హెల్ప్‌లైన్‌కు చేశా, ఆదివారం ఎవరూ ఎత్తలేదు. తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఈమెయిల్ పంపా. సాయంత్రం ఆరు దాకా ఆగాం, ఏడు దాకా ఆగాం. ఆ అమ్మాయి ఏడవలేదు, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. చెప్పు తమ్ముడూ.

తమ్ముడు: 5:29 అంటే గ్రీనిచ్ లెక్కలో అర్ధరాత్రి. మామూలుగా తీరే వేళ అదే, అది మీకు అనుకూలమైన గుర్తు. మీరు చూడాల్సినవన్నీ చూశారు. ఇంతకంటే జాగ్రత్తగా నేనూ చూడలేను. కానీ ఆ ఫారంలో ఆధార్ ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, ఫీజు ఉంది. నా నియమం ప్రకారం ఆగాలి. స్క్రీన్‌షాట్ పట్టుకుని సోమవారం పొద్దున ఆ ఆఫీసు ముందు నిలబడాలి. ఒక్కరు నిలబడితే పట్టించుకోరు, పదిమంది నిలబడితే గడువు పెంచుతారు. అందరూ దాటేస్తూ పోతే ఆ ఆఫీసుకు సర్టిఫికెట్ మార్చాల్సిన అవసరం ఎప్పటికీ తెలియదు. మీ దయ వాళ్ల నిర్లక్ష్యానికి గొడుగు పడుతోందక్కా.

అక్క: ఆ పదిమందిలో మొదటిదానిగా ఆ అమ్మాయిని నిలబెట్టమంటావు. సోమవారం కూలి మానుకుని తల్లి నిలబడాలి. గడువు పెంచకపోతే?

తమ్ముడు: పెంచకపోతే... నా నియమం ఆ అమ్మాయికి అన్యాయం చేసినట్టే. ఆ మాట దాచను. అయినా నియమం ఇలాంటి గట్టి సందర్భాల్లోనే నిలబడాలి. ఎందుకంటే వల వేసేవాడు కూడా ఇలాంటి రోజునే ఎంచుకుంటాడు. ఆఖరి రోజు, ఆదివారం, ఎత్తని ఫోన్, ఏడు గంటలు. అంత తొందరలో ఉన్నవాళ్లు ఆగరని వాడికి తెలుసు. మీరేం చేశారు?

అక్క: అన్నీ చెప్పి అడిగాను. తల్లి నా మొహం చూసింది. ఇన్‌కాగ్నిటో తెరిచి దాటాను. ఫీజు ఆ సైటులో కాకుండా చలాన్‌తో కట్టే దారి ఉంటే అటు మళ్లించాను. దరఖాస్తు నంబరు వచ్చింది. మరుసటి రోజు మధ్యాహ్నం కొత్త సర్టిఫికెట్ పెట్టారు. వెంటనే ఆ అమ్మాయిని పిలిపించి పాస్‌వర్డ్ మార్పించాను.

తమ్ముడు: పాస్‌వర్డ్ మార్చగలిగాం. ఆ రోజు ఎవరైనా చదివి ఉంటే ఆధార్ నంబరు మార్చలేం కదక్కా.

అక్క: పోయిన విద్యా సంవత్సరాన్ని కూడా మార్చలేం తమ్ముడూ.